న్యాయ విద్యార్థులును బీదవాని కాగితమును

న్యాయశాస్త్రము చదువు విద్యార్థులు పల్లెలకు పోయి ప్రజాసేవ చేయవలెనను మాట నేడు ప్రతి న్యాయకళాశాలయందును వినబడుచున్నది. దానికి ప్రో బోనో అని లాటిను పేరొకటి తెచ్చి పెట్టుకొన్నారు. ప్రజాహితార్థమని మన భాషలో అన్నను సరిపోవును. అయినను పేరులో నేమున్నది, పని జరిగిన చాలునని మేమును ఊరకుంటిమి. పని జరుగకుండుట కన్నులార చూచిన పిమ్మట ఊరకుండుట తప్పని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాము. ఇందలి మాటలు కొందఱికి కటువుగా నుండవచ్చును. మాకు ఏ కళాశాలతోను వైరము లేదు. శిబిరమను పదార్థము మీదనే మా కోపము.

గత సంవత్సరము కొత్తపేట ప్రాంతమున మేము పనిచేయు పాఠశాల ఆవరణలో న్యాయ విజ్ఞాన శిబిర మొకటి జరిగెను. వచ్చిన కళాశాల పేరు చెప్పము. తప్పు దానియొక్కదానిదే యైనచో చెప్పియుందుము. ఉదయము పదిగంటలకు బస్సు దిగిన విద్యార్థులు ముప్పదిమందికి తక్కువ లేరు. షామియానా, మైకు, పూలదండ వేసిన అంబేడ్కరుగారి పటము, దాని వెనుక గోడంత బ్యానరు. ఒక్కొక్క ఉపన్యాసకుడు లేచి రాజ్యాంగము మొదలుకొని వినియోగదారుల చట్టము వఱకు వర్ణించెను. ఉచిత న్యాయసహాయమునకై 15100 అను సంఖ్యకు ఫోను చేయవచ్చునని చెప్పిరి. అది నిజమే, ఉపయోగకరమే. పిదప రెండు బల్లలు వేసి, కష్టములున్నవారు వచ్చి చెప్పుకొనుడనిరి. పదునేడుగురు వచ్చిరి.

వారిలో మా ఊరి కౌలురైతొకడు, అఱువది దాటినవాడు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితములతో వరుసలో కూర్చుండెను. అతనిది రెండెకరముల వరి. వరదనీట పంట కుళ్ళిపోయెను. నష్టపరిహారము భూమి ఎవరి పేరనున్నదో వారి ఖాతాలో పడెను; ఆ భూస్వామి హైదరాబాదులో నుండును. ఒక విద్యార్థిని, ఇరువది యేండ్ల పిల్ల కాబోలు, అరగంటసేపు అతడు చెప్పినదంతయు విని రెండు పుటలు వ్రాసికొనెను. నడుమనడుమ ఆగి తేదీలు అడిగెను. అంత శ్రద్ధగా తన మాట వినినవారిని ఆ ముసలివాడు ఏ కచేరీలోను చూచియుండడు. మూడున్నరకు అందఱును బ్యానరు ముందు నిలిచి ఫొటో దిగిరి. నాలుగు గంటలకు బస్సు వెడలిపోయెను.

పదిదినములైన తరువాత అతడు మా యింటి అరుగు మీదికి వచ్చి, "మాస్టారూ, ఆ పాపగారు మళ్ళీ ఎప్పుడొస్తారండీ?" అని యడిగెను. వ్రాసికొన్నారు గదా, ఏదో చేయుదురులెమ్మని మేమంటిమి. "ఆయ్, రాసుకున్నారండి. ఆ రాసుకున్న కాగితం ఎవరికిచ్చారో చెబితే నేనే ఎల్లి అడుగుతానండి" అనెను.

ఆ ప్రశ్నకు మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. కళాశాలకు ఫోను చేసితిమి. శిబిరము బాధ్యత వహించిన అధ్యాపకుడు మర్యాదగనే మాటలాడెను. నివేదిక పంపబడినది, ఫొటోలు జతపఱుపబడినవి, విద్యార్థులకు సర్టిఫికెట్లు ఇయ్యబడినవి అని చెప్పెను. ఆ పదునేడు కాగితములేమైన వంటిమి. అవియును నివేదికకు అనుబంధముగా చేర్చితిమనెను. అనగా కౌలురైతు కష్టము తహసీలుదారునికి చేరలేదు, న్యాయసేవా సంఘమునకు చేరలేదు. ఒక నివేదిక వెనుక మేకు కొట్టబడి బీరువా చేరినదన్న మాట.

ఇది ఒక్కచోటి ముచ్చట యని చదువరులు తలంపవలదు. అమలాపురము ప్రక్కనుండియు రాజోలు ప్రక్కనుండియు వచ్చిన మిత్రులైన ఉపాధ్యాయులను అడిగితిమి. వారి ఊళ్ళలోను బ్యానరు వచ్చెను, మైకు వచ్చెను, కాగితములు పోయెను. ఎక్కడను ఏ కాగితమును తిరిగి రాలేదు.

ఇక చట్టమేమి కోరుచున్నదో చూతము. రాజ్యాంగమున 39ఎ అధికరణము 1976లో చేరెను. బీదతనముచేత ఎవ్వరికిని న్యాయము దూరము కారాదనియు, ప్రభుత్వము ఉచిత న్యాయసహాయము కల్పింపవలెననియు దాని తాత్పర్యము. దానిని నెరవేర్చుటకై 1987లో న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టము చేయబడి 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చెను. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, వికలాంగులు, కార్మికులు, నిర్బంధములో నున్నవారు తమ రాబడి యెంతయైనను ఆ సహాయమునకు అర్హులు. ఈ ముక్క మన పల్లెలలో నూటికి ఎందఱికి తెలియునో చదువరులే ఊహింపవచ్చును; తెల్లకార్డు లేనిదే వకీలును ఇయ్యరని నమ్మి తిరిగిపోయిన స్త్రీలను మేమెఱుగుదుము. అదే చట్టము న్యాయకళాశాలలలో న్యాయసేవా క్లినిక్కులను నెలకొల్పించి వానిని పర్యవేక్షింపవలసిన భారమును జాతీయ సంస్థమీద పెట్టినది. భారత బార్ కౌన్సిలు 2008లో చేసిన న్యాయవిద్యా నియమములు ప్రతి కళాశాలయు ఒక సీనియరు అధ్యాపకుని పర్యవేక్షణలో, తుది సంవత్సరపు విద్యార్థులు నడుపు న్యాయసహాయ కేంద్రము నుంచవలెనని శాసించినవి. ఆ కేంద్రము స్థానిక న్యాయసేవా సంస్థతోను, స్వచ్ఛందముగా ముందుకువచ్చు వకీళ్ళతోను కలిసి పనిచేయవలెను. మఱి యీ నియమములలో చెప్పబడినది క్లినిక్కు. మనకు వచ్చినది శిబిరము.

క్లినిక్కను మాట వైద్యులనుండి తెచ్చుకొన్నది. తెచ్చుకొన్నవారు దాని అర్థమును కూడ తెచ్చుకొని యుండవలసినది. కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల విద్యార్థి ప్రభుత్వాసుపత్రి వార్డులో ఈదినము చూచిన రోగిని రేపును చూచును. జ్వరము తగ్గినదో పెరిగినదో పెద్దవైద్యునికి చెప్పవలెను. రోగి చనిపోయినచో ఎందుకు చనిపోయెనో చెప్పవలెను. అటుగాక ఆ విద్యార్థులు ఒకనాడు మా ఊరు వచ్చి పదునేడుగురి జ్వరములు పుస్తకములో వ్రాసికొని, మందీయక, ఫొటో దిగి వెడలిపోయిరనుకొందము. ఊరివారు ఊరకుందురా? న్యాయము విషయమున మాత్రము ఊరకున్నారు. ఏలయనగా న్యాయము కచేరీలనుండి రాదని వారికి ముందుగనే తెలియును. రానిది మఱియొకమాఱు రాకపోయిన ఆశ్చర్యమేమున్నది?

మాకు ఎదురు వాదము చెప్పువారు మొదట తెచ్చునది 1961 నాటి అడ్వకేట్ల చట్టము. వకీలుగా నమోదు కానివాడు కోర్టులో వాదింపరాదు, విద్యార్థులకు చేతులు కట్టబడియున్నవి, కనుక అవగాహన కలిగించుట తప్ప వారేమి చేయగలరని వారందురు. పైకి ఈ వాదము బలముగనే కనబడును. కాని బీదవాని కష్టములో కోర్టులో వాదింపవలసిన భాగమెంత? మేము చూచినంతవఱకు పదింట ఎనిమిది పాళ్ళు కోర్టు గుమ్మమునకు ఇవతలనే యున్నవి. అర్జీ వ్రాయుట, దానికి రసీదు తీసికొనుట, ముప్పది దినములైన పిమ్మట సమాచార హక్కు చట్టము క్రింద ఆ అర్జీ గతి యేమని యడుగుట, ప్రథమ సమాచార నివేదిక నకలు ఫిర్యాదుదారుకు ఉచితముగా ఇయ్యవలెనని పోలీసుఠాణాలో మర్యాదగా గుర్తుచేయుట, న్యాయసేవా సంఘమునకు దరఖాస్తు నింపుట, ఇంగ్లీషులో వచ్చిన సమనును తెలుగులో చదివి చెప్పుట, వాయిదానాడు ముసలివానితో కూడ బస్సెక్కుట. వీనిలో దేనికి సన్నదు కావలెను? సమాచార హక్కు దరఖాస్తును పదవతరగతి పిల్లవాడును వ్రాయవచ్చును; దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి దానికి రుసుము కూడ లేదు. కోర్టు తలచినచో వకీలుకానివానిని కూడ ఒక్కొక్క వ్యాజ్యములో మాటలాడనిచ్చుటకు అదే అడ్వకేట్ల చట్టమున 32వ సెక్షను దారి యుంచినది. అంతదూరము పోనక్కఱలేదు. చేతులు కట్టబడలేదు, జేబులలో నున్నవి.

కోనసీమలో అట్టి కాగితములకు కొదువయా? పైనుండి చూచువారికి కొబ్బరితోటలు, కాలువలు, పచ్చదనము కనబడును. రేవు దాటి లంకగ్రామములలోనికి పోయినవారికే కాగితములు కనబడును. మా కౌలురైతు సంగతియే తీసికొనుడు. 2011లో వచ్చిన చట్టము క్రింద సాగుదారునకు ఋణార్హత కార్డు పొందుటకు యజమాని సంతకము అవసరము లేకుండెను. అదే సంవత్సరము ఖరీఫున మన కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి పొలములు బీడుపెట్టుట దేశమంతయు చూచెను. 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలల ఒప్పందమును, దానిమీద యజమాని సంతకమును కోరెను. సంతకము పెట్టినచో పొలము పోవునని యజమానికి భయము. పెట్టనిచో బ్యాంకు అప్పు, పంటబీమా, వరదసాయము ఏవియు సాగుదారుకు రావు. నిజమునకు ఆ చట్టము యజమాని హక్కును తాకదు. తాకదని అందులోనే కలదు. ఈ సంగతిని హైదరాబాదులోని భూస్వామికి ఫోనులో తెలుగున వివరించి చెప్పగల విద్యార్థి యొక్కడున్నచో, ఎన్నో యిండ్లలో వ్యాజ్యము పుట్టకముందే తీరిపోవును. మేము ఉపాధ్యాయులము చెప్పి చూచితిమి. "మీకు లా తెలుసునా మాస్టారూ?" అని యడిగిరి. తెలియదు. తెలిసినవారు ఫొటో దిగి పోయిరి.

రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి ప్రాంతములనుండి గల్ఫు దేశములకు ఇంటిపనికి పోవు స్త్రీల సంగతి ఇంతకంటె విషమము. కువైటుకనియు మస్కటుకనియు చెప్పి విజిటు వీసా చేతబెట్టి విమానమెక్కించు ఏజెంటు, ప్రక్కవీధిలో మర్యాదస్థుడుగనే తిరుగుచుండును. 1983 నాటి వలసల చట్టము ప్రకారము విదేశోద్యోగములకు మనుష్యులను చేర్చువాడు కేంద్రప్రభుత్వమునొద్ద నమోదై యుండవలెను. వాడు తన సేవకై ముప్పదివేల రూపాయలకును, దానిపై పన్నునకును మించి పుచ్చుకొనరాదని నియమమున్నది. పెద్దచదువులేని స్త్రీ ముప్పదియేండ్లు నిండక ఆ దేశములకు ఇంటిపనికి పోరాదు. పోవునప్పుడును ప్రభుత్వ సంస్థలద్వారానే పోవలెను. ఈ నాలుగు ముక్కలును ఒక కాగితముపై తెలుగులో అచ్చువేసి, ఏజెంటు మాట వినుచున్న యింటికి పోయి, వాని నమోదు సంఖ్య అడుగుడని చెప్పి వచ్చుటకు ఏ న్యాయమూర్తి అనుమతి కావలెను? అక్కడ చిక్కుకొన్న తరువాత ఏడ్చుచు ఫోను చేసిన తల్లి పక్షమున విదేశాంగశాఖవారి మదద్ అను ఫిర్యాదుల మార్గములో అర్జీ పెట్టి, అది కదలువఱకు వారమువారము అడుగుటకు ఏ సన్నదు కావలెను? వారమువారము అన్న మాటను గమనింపుడు. శిబిరము చేయలేనిది అదియే.

ఇక సబుజైలులో విచారణకై యెదురుచూచువారు. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారము, మునుపెన్నడును శిక్షపడనివాడు, వేఱు కేసులు లేనివాడు, తనపై మోపబడిన నేరమునకు గల గరిష్ఠశిక్షలో మూడవవంతు నిర్బంధములో గడిపినచో బంధపత్రముపై విడుదలకు అర్హుడు. మరణశిక్షయు యావజ్జీవమును గల నేరములు దీనిలో చేరవు. ఇది కూడికలు, భాగహారములు తెలిసినవాడు చేయదగిన లెక్క. ఎవడు ఏనాడు లోనికి వచ్చెను, నేరమునకు ఎన్నియేండ్లు, మూడవవంతు ఏ తేదీకి నిండును? నెలకొకమాఱు అధికారుల అనుమతితో ఇద్దఱు విద్యార్థులు ఈ లెక్క చూచి న్యాయసేవా సంఘమునకు చేర్చినచో, ఒక్కనికైన వాకిలి తెఱచుకొనదా? ముద్దాయి అడుగలేదను నెపముతో న్యాయసహాయము నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 1986లో సుఖ్‌దాస్ వ్యాజ్యమునందే తీర్పుచెప్పెను. సంస్కృతము చెప్పుకొనువారమగుట మాకు మృచ్ఛకటికములోని తొమ్మిదవ అంకము గుర్తుకువచ్చును. చారుదత్తుడంతటివాడు అధికరణమున నిలువబడినప్పుడు న్యాయాధికారియు శ్రేష్ఠియు కాయస్థుడును ఉన్నారు. అతని పక్షమున చట్టమెఱిగి మాటలాడువాడొక్కడు లేడు. అతడు లజ్జచేత నోరు మెదపలేకపోయెను. మనవారు భయముచేత మెదపలేరు. అంతియే భేదము.

దింపు తీయుచు కొబ్బరిచెట్టు పైనుండి పడి నడుము విఱిగినవాని భార్య ఎవరిని అడుగవలెను? వరిచేని ప్రక్క చెఱువు త్రవ్వి రొయ్యలు వేసినప్పుడు ఉప్పునీరు ఊరిన రైతు ఏ కచేరీకి పోవలెను? 1995లో పాశర్లపూడి బావి అంటుకొని అఱువదిదినములకు పైగా మండెను. 2014 జూను 27న నగరములో గ్యాసుగొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. గొట్టములు నేటికిని మన పొలములక్రింద నున్నవి. ప్రమాదకర వస్తువులవలన హాని కలిగినచో కలెక్టరునకు పరిహారపు దరఖాస్తు పెట్టుకొనుటకు 1991లో ప్రజాబాధ్యతా బీమా చట్టమొకటి పుట్టినదనియు, అయిదేండ్లు దాటినచో ఆ దరఖాస్తు చెల్లదనియు ఆ గొట్టము పైన కాపురమున్నవారిలో ఎవరికి తెలియును?

విద్యార్థుల చదువునకు ఆదర్శము ఎక్కడనో వెదకనక్కఱలేదు. బొజ్జా తారకముగారు 1939లో ఈ సీమలోనే, కాట్రేనికోన దగ్గఱి కందికుప్పలో పుట్టిరి. 2016లో గతించిరి. కవి, వకీలు. 1985లో కారంచేడులో దళితులు చంపబడినప్పుడు హైకోర్టులో తమకున్న ప్రభుత్వ ప్లీడరు పదవిని వదలి బాధితుల పక్షమున నిలిచిరి. ఆ త్యాగము అందఱికి సాధ్యము కాదు. మేము దానిని విద్యార్థులనుండి కోరుట లేదు. వారు చేసిన మఱియొక పని కలదు, దానిని గూర్చి తక్కువగా చెప్పుకొందురు. పోలీసులు అరెస్టు చేస్తే అను పేర తెలుగులో పుస్తకమొకటి వ్రాసిరి. పేరులోనే ప్రశ్న యున్నది. ఆ ప్రశ్న ఎవరిదో, ఏ రాత్రివేళ ఎవరి నోట పుట్టునో ఆయన ఎఱుగుదురు. చట్టమును దానిచేత బాధింపబడువాని వైపునుండి చూచుట యన నదియే. గ్రాంథికమును మెచ్చు మాబోంట్లు కూడ అట్టిచోట వాడుకభాషయే తగునని ఒప్పుకొనక తప్పదు.

ఈ మాట చెప్పునప్పుడు 2022 మే 24వ తేదీని తలపకుండుట కపటమగును. 2022 ఏప్రిలులో ఏర్పడిన మన జిల్లాకు అంబేడ్కరుగారి పేరు పెట్టుటను గూర్చి ఆనాడు అమలాపురము వీధులలో జరిగినదెల్ల లోకమునకు తెలియును. ఒక మంత్రి యిల్లు, ఒక శాసనసభ్యుని యిల్లు దగ్ధమయ్యెను. తరువాత అరెస్టయినవారిలో యువకులు పెక్కురు. ఆ చేష్టను మేము సమర్థింపము. పేరు మార్పును నిండుమనస్సుతో ఆమోదించిన వారిలో మేమును ఒకరము. కాని ఆ వారములలో తల్లిదండ్రులు బెయిలన నేమో, రిమాండన నేమో తెలియక దళారుల వెంట తిరుగుట చూచితిమి. ఆనాడు ఏ కళాశాలవారి బస్సును మా ప్రాంతమునకు రాలేదు. పేరు నిలిచినది, మంచిదే. అంబేడ్కరుగారు 1935లో బొంబాయి ప్రభుత్వ న్యాయకళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి, న్యాయవిద్యార్థులకు గురువు. ఆయన పేరుగల జిల్లాలో న్యాయవిద్యార్థి చేయు సేవ ఆయన పటమునకు దండ వేయుటతో ఆగవచ్చునా?

మఱికొందఱు వేఱొక మాట తెత్తురు. బలవంతపు సేవ సేవ కాదందురు. అన్యదేశములలో నిట్లెంచలేదు. న్యూయార్కు రాష్ట్రమున 2015నుండి వకీలుగా చేరగోరువాడు ముందుగా యాబదిగంటలు ప్రజాహితముగా పనిచేసి చూపవలెను. చిలీ దేశమున న్యాయపట్టము పుచ్చుకొనువాడు ఆఱునెలలు బీదల న్యాయసహాయ సంస్థలో ఊరక పనిచేసిన పిదపనే వకీలగును. చిలీవారి పద్ధతియే మాకు నచ్చినది. గంటలు లెక్కించిన మనవారు గంటలు నింపుట నేర్చుకొందురు. మన నేర్పు మాకు తెలియును. ఇంటర్నుషిప్పు వారములను ఎట్లు నింపుచున్నారో, ఎవరి సంతకములు ఎంత సులువుగా దొరకుచున్నవో అమలాపురము కోర్టు ప్రాంగణమున టీ త్రాగువాడెవ్వడైనను చెప్పగలడు. మూడేండ్ల చదువునకు పండ్రెండు వారములు, అయిదేండ్ల చదువునకు ఇరువది వారములు అని నియమమున్నది. కాగితము మీద అవి నిండుచునే యున్నవి.

గంటలు వలదు, శిబిరములు వలదు, కాగితములు లెక్కింపుడని మేము కోరుచున్నాము. ఒక్కొక్క విద్యార్థికి తుది సంవత్సరమున రెండే రెండు కాగితము లిండు. ఎవరి పక్షమున ఏనాడు ఏ కచేరీకి అర్జీ పోయెను, రసీదు సంఖ్య యేమి, ఏమని బదులు వచ్చెను, రానిచో తరువాత నేమి చేసితివి అని ఒక పుస్తకమున వ్రాయింపుడు. అర్జీదారుకు చదివి వినిపించి అతని వేలిముద్రయో సంతకమో పుస్తకములో నుంచుడు. గెలుపు అక్కఱలేదు. లేదను బదులు చేతికి వచ్చినను అదియొక ఫలితమే; దానిపై అప్పీలు చేసికొనవచ్చును. ఏ బదులును లేక ముసలివాడు అరుగుమీద కూర్చుండుటయే అన్యాయము. పరీక్షలు వచ్చినవి, విద్యార్థి పట్టము పుచ్చుకొని పోయెను, అప్పుడేమగునని అడుగుదురు. తరువాతి సంవత్సరపు విద్యార్థికి ఆ పుస్తకమును ఒప్పగించి, ఫోనులో అర్జీదారుకు క్రొత్తవాని పేరు చెప్పి పోవలెను. మా పాఠశాలలో నొక ఉపాధ్యాయుడు బదిలీయైనప్పుడు చాకుపెట్టెలు కూడ లెక్కవేసి ఒప్పగించి పోవుచున్నాడు. పదునేడుగురు మనుష్యుల కష్టములకు ఆ మాత్రము లెక్క యుండవలదా?

అమలాపురమున, రాజోలున, కొత్తపేటలో కోర్టులున్నవి. కోర్టులను ఆశ్రయించి మండల న్యాయసేవా సంఘములున్నవి. రాజమహేంద్రవరము, కాకినాడ కళాశాలలలో చదువు మన పిల్లలు శనివారము ఇంటికి వచ్చుచునే యున్నారు. పరాయి ఊరికి బస్సులో పోనేల? ఎవని ఊరిలో వాడు కూర్చుండరాదా? తనవారి భాష, తనవారి పొలము, ఏ కచేరీలో ఎవరికి ఏమి చెప్పవలెనో సగము ముందుగనే తెలిసియుండును. సోమవారము అర్జీల దినమునకు ముందు ఆదివారము సాయంకాలము గ్రంథాలయములోనో గుడి అరుగుమీదనో రెండుగంటలు కూర్చుండిన చాలును. దీనికి షామియానా అద్దె లేదు. ఛార్జీలు పెట్టుకొనలేని బీద విద్యార్థులున్నారు, వారిని మేమెఱుగుదుము, వారిలో కొందఱు మా శిష్యులే. శిబిరపు బ్యానరు ఖర్చును వారికి బస్సు ఛార్జీగా నిండని కళాశాలవారిని కోరుచున్నాము.

వకీళ్ళను గూర్చియు ఒక మాట. పిల్లలు అర్జీలు వ్రాసినచో తమ జీవనము పోవునని కొందఱు గొణుగుదురట. రుసుమీయలేని కక్షిదారు వలన వారికేమి పోవును? పోయిన కచేరీల ముందు చెట్లక్రింద అర్జీకింతయని పుచ్చుకొని తప్పులువ్రాయు దళారులకు పోవును. వారికి పోయిన మాకు చింత లేదు. పెద్ద వకీళ్ళు తమ ఆఫీసులలో నెలకొకమాఱు ఈ పిల్లల పుస్తకములు దిద్దినచో చాలును. సందేహమున్నచోట ఇది నీ పని కాదు, కోర్టుపని, నాకిమ్మని వారు పుచ్చుకొనవలెను. అరకొర చదువుతో అపాయము కలుగునను భయమునకు సమాధానము అదియే.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండి 1880లో వ్యవహార ధర్మబోధిని యను ప్రహసనము వ్రాసి తమ శిష్యులచేతనే రాజమహేంద్రవరమున ఆడించిరి. ప్లీడర్ల మాయలు, కచేరీల లంచములు అందులో బట్టబయలయ్యెను. పిల్లలు వేషములు వేసికొని ప్లీడర్లను వెక్కిరించిరి. నూటనలువది యేండ్లు దాటినవి. అప్పటి పిల్లలు నాటకములో సత్యము చెప్పిరి; ఇప్పటి పిల్లలచేత సత్యము పేరిట నాటకమాడించుచున్నాము. తప్పు పిల్లలది కాదు. ఆ రెండుపుటలు వ్రాసికొన్న పిల్ల ఆ రాత్రి ఆ కాగితమును గూర్చి తలపోసియే యుండును. ఏమి చేయవలెనో ఆమెకు ఎవరును చెప్పలేదు.

కౌలురైతు అర్జీని తుదకు మేమే వ్రాసితిమి. చట్టము తెలియనివారము వ్రాసినది గదా, తగిన పత్రము జతలేదని మండల కచేరీనుండి తిరిగివచ్చెను. ఆ పత్రమేమో ఇంకను కనుగొనుచున్నాము. ఇంతలో ఈ నెల ఆ కళాశాలవారే మా ప్రధానోపాధ్యాయులకు జాబు వ్రాసిరి. ఈ సంవత్సరపు శిబిరమునకును పాఠశాల ఆవరణ దయచేయవలెనని అందులో నున్నది. ప్రత్యుత్తరము వ్రాయు పని మాకు ఒప్పగింపబడెను. ఆవరణ తప్పక ఇచ్చెదమనియు, కుర్చీలు కూడ మావే వేసెదమనియు, పోయిన సంవత్సరపు పదునేడు కాగితములను వెంట తెచ్చి మొదటి గంటలో వాని గతి చదివి వినిపింపవలెననియు వ్రాసితిమి. పదునేడుగురికిని కబురు పంపితిమి. ఒకామె కువైటు వెడలిపోయెను, ఒకడు గతించెను. తక్కిన పదునైదుగురును వచ్చెదమనిరి. కళాశాలనుండి బదులు ఇంకను రాలేదు.